బేగంపేట నుంచి విమాన దూరాలు

రెండు నగరాల మధ్య విమాన దూరం అంటే వాటి విమానాశ్రయాల నడుమ భూమి మీదుగా ఉన్న అతి దగ్గరి దారి. భూమి గుండ్రం కనుక ఈ దారి సరళరేఖ కాదు, మహావృత్తంలోని (భూమి చుట్టూ గీయగల అతి పెద్ద వృత్తంలోని) ఒక చాపం. హైదరాబాదు నుంచి ఏ ఊరు ఎంత దూరమన్నది 2008 దాకా నగరంలోని బేగంపేట విమానాశ్రయం నుంచే లెక్కకట్టేవారు.

తొలి రోజులు

1932 అక్టోబరులో మొదలైన టాటాల తపాలా విమానం కరాచీ నుంచి మద్రాసుకు బొంబాయి, బళ్లారి మీదుగా వెళ్లేది. తర్వాత బళ్లారి స్థానం హైదరాబాదుకు దక్కింది. బేగంపేట విమానాశ్రయం నిజాం పాలనలో, 1930లలో రూపుదిద్దుకుంది. నిజాం ప్రభుత్వం, టాటా ఎయిర్‌లైన్స్ కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించాయి. మరుసటి ఏడాది దాని డకోటా విమానాలు ప్రయాణికులతో ఎగిరాయి. దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్ ప్రేమ్ మాథుర్ చేరింది ఈ సంస్థలోనే. 1953లో ఇది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

బేగంపేటకు ఢిల్లీ సుమారు 1,240 కిలోమీటర్లు. డకోటా గంటకు 300 కిలోమీటర్లకు కాస్త పైగా వెళ్లేది. కాబట్టి ఎక్కడా ఆగకపోయినా నాలుగు గంటలు పట్టే దూరమది. నాగపూర్ వంటి ఊళ్లలో దిగుతూ వెళ్తే ఇంకా ఆలస్యం. అప్పట్లో చాపం పొడవు ఎంత ముఖ్యమో, మజిలీల లెక్కా అంతే ముఖ్యం.

జెట్ కాలం

1972లో బేగంపేట విమానాశ్రయానికి దక్షిణం వైపు కొత్త టెర్మినల్ వచ్చింది. 2000ల దశకంలో కేఎల్ఎం, లుఫ్తాన్సా విమానాలు యూరప్ నుంచి నేరుగా ఇక్కడ దిగాయి. కేఎల్ఎం విమానాలు బయలుదేరే ఆమ్‌స్టర్‌డామ్ ఇక్కడికి దాదాపు 7,380 కిలోమీటర్లు. గల్ఫ్‌కు, అమెరికాకు వలస వెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో కన్నీళ్లతో వీడ్కోలు చెప్పుకున్నది ఈ బేగంపేటలోనే.

శంషాబాద్‌కు మార్పు

2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారాయి. హెచ్‌వైడీ అనే హైదరాబాదు విమానాశ్రయ సంకేతం కూడా అక్కడికే వెళ్లింది. బేగంపేటకు బీపీఎం వచ్చింది. కొత్త విమానాశ్రయం బేగంపేటకు దక్షిణాన సుమారు 24 కిలోమీటర్ల దూరంలో ఉంది. దాంతో హైదరాబాదు నుంచి ఢిల్లీ దూరం ఇరవై కిలోమీటర్లకు పైగా పెరిగితే, చెన్నై దూరం దాదాపు అంతే తగ్గింది. నగరాలు కదల్లేదు, కొలత మొదలయ్యే చోటు కదిలింది.

2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాదు–షికాగో నేరు విమానం ప్రారంభించింది. ఆ దూరం 13,280 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అట్లాసులో షికాగో పడమర దిక్కున కనిపిస్తుంది. మహావృత్తం దారి మాత్రం దాదాపు ఉత్తరానికి బయలుదేరి, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరకు చేరి, ఆర్కిటిక్ మీదుగా కిందికి దిగుతుంది. గాలులు, గగనతల ఆంక్షల వల్ల విమానం నిజంగా ఎగిరే దూరం ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది.

నేడు

బేగంపేటలో వాయుసేన స్థావరం ఉంది. వింగ్స్ ఇండియా వైమానిక ప్రదర్శన ఇక్కడే జరుగుతుంది. ప్రత్యేక విమానాలూ దిగుతుంటాయి. తెలుగువారి దూరప్రయాణాల చరిత్రలో ఈ రన్‌వేది ఒక ముఖ్యమైన పుట; దాన్ని కాపాడుకోవడం నగరం బాధ్యత.