చల్లని వేళ ఎక్కే ముల్లు

తెల్లవారుజామున మూడున్నరకు కైకలూరులో బయల్దేరారు. వెనక థర్మోకోల్ పెట్టెల్లో ఐసు మధ్య శీలావతి, బొచ్చె. మీరు డ్రైవరు కుర్రాడి పక్కన కూర్చున్నారు. కింద సీటులోంచి వెచ్చదనం తెలుస్తోంది. మారుతి ఓమ్నీ అంతే, ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చిన ఈ బండి తయారీ 2019లో ఆగిపోయింది. డెల్టా ఊళ్ళలో మాత్రం చేపలకీ కూరగాయలకీ ఇంకా తిరుగుతూనే ఉంది.

ముదినేపల్లి దగ్గర కుర్రాడు డ్యాష్‌బోర్డు వైపు వేలు చూపించాడు. "చూడు బాబాయ్, మళ్ళీ ఎక్కింది."

టెంపరేచరు ముల్లు హెచ్ అక్షరానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. కిటికీలోంచి చేల మీది చల్లగాలి మొహానికి కొడుతోంది. ఈ వేళప్పుడు ఇంజిన్ ఎందుకు కాగాలి?

బండి పక్కకి తీయించారు. ఇంజిన్ ఆపి చెవి పెడితే సలసలమన్న చప్పుడు లేదు, ఆవిరి లేదు, కాలిన వాసన లేదు. రిజర్వు డబ్బాలో నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. కుర్రాడు గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత వైపు చెయ్యి చాపితే మీరు గట్టిగా వారించారు. ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై మొహాన చిమ్ముతుంది. ముల్లు అబద్ధమాడుతోందని అనిపించినా సరే, ఆ మూత జోలికి వెళ్ళకూడదు.

గుడివాడ, పామర్రు దాటారు. మధ్యమధ్య ఆగి చూసుకుంటూ ఉయ్యూరు చేరేసరికి తెల్లారింది. కుర్రాడు లైట్లు ఆర్పేశాడు. కంకిపాడు రాకముందే ముల్లు కిందికి దిగి సి పక్కన పడుకుంది. వైశాఖపు ఎండ ఎక్కుతోంది, ముల్లేమో దిగుతోంది.

"హెడ్ గాస్కెట్ పోయిందన్నారు బాబాయ్, హెడ్ దించాలంట." ఆ మాట చెప్పేటప్పుడు కుర్రాడి గొంతు పలచబడింది. ఇలాంటి బండి మీద బతికేవాడికి హెడ్ దించడమంటే డబ్బూ పోతుంది, పనీ ఆగుతుంది.

సరుకు దించేసి, షాపులు తెరిచే వేళకి బెజవాడ జవహర్ ఆటోనగర్‌లోకి తిరిగారు. లారీ బాడీలు కట్టే సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, వరసగా స్ప్రింగు పట్టీల షాపులు, రేడియేటర్లకి మాట్లేసే షెడ్లు. ఇక్కడ ఒక్కో వీధిలో ఒక్కో పని. మీరు వెళ్ళింది వైరింగ్ మేస్త్రి దగ్గరికి.

ఆయన కథంతా విని ఒకే మాట అడిగాడు. "ముల్లు లేచినప్పుడు పెట్రోలు ముల్లు ఏం చేసింది?"

కుర్రాడు తెల్లబోయాడు. మీరూ చూడలేదు.

"స్టార్ట్ చెయ్యి. లైట్లెయ్యి."

వేశాడు. నాలుగైదు సెకన్లలో టెంపరేచరు ముల్లు పైకి పాకింది. పక్కనే పెట్రోలు ముల్లు కూడా లేచింది. ఇండికేటర్ వేస్తే టిక్కు టిక్కుకీ రెండూ వణికాయి. లైట్లు ఆర్పితే రెండూ దిగాయి.

ఇంజిన్‌లో ఉన్న నీళ్ళన్నీ నాలుగు సెకన్లలో కాగవు. ట్యాంకులో పెట్రోలు దానంతట అది పెరగదు. ఈ రెండు మీటర్లకీ ఉమ్మడిగా ఉన్నవల్లా వెనక వచ్చే కరెంటూ, ఎర్త్ వైరూ. ఆ ఎర్త్ సరిగ్గా అంటకపోతే మీటరులోని చిన్న బల్బుల కరెంటుకి తిరిగి వెళ్ళే దారి ఇరుకై, ముళ్ళకి అందాల్సిన ఓల్టేజీ లెక్క తప్పుతుంది. అందుకే చల్లటి రాత్రి, లైట్లు వెలిగే వేళ, ఇంజిన్ కాగినట్టు చూపించింది.

సీటు ఎత్తారు. మేస్త్రి సెన్సర్ వైరు పీకితే ముల్లు సి మీద పడింది. ఆ వైరు కొసని ఒక్క క్షణం ఇంజిన్‌కి తాకిస్తే హెచ్‌కి లేచింది. అంటే ముల్లూ వైరూ ఆడుతున్నాయి. తర్వాత మీటరు విప్పి టార్చి వేశాడు. అద్దం రబ్బరు సందులోంచి ఎన్ని వానాకాలాల నీళ్ళు దిగాయో, ఎర్త్ స్క్రూ చుట్టూ రేకు పొరలు పొరలుగా లేచింది. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త స్క్రూ బిగించి, పైన వాజలీన్ పూశాడు. లైట్లేస్తే ఏ ముల్లూ కదల్లేదు.

కుర్రాడు నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. ఇంజిన్ ఆడి ఆడి ఇరవై నిమిషాలైనా ముల్లు సి దగ్గర్నుంచి లేవడం లేదు. రేడియేటర్‌కి వెళ్ళే పై హోస్ పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. "దీన్ని బట్టి ఏమీ తేల్చకూడదు, థర్మోస్టాట్ వాల్వు మూసుకుపోయినా హోస్ ఇలాగే ఉంటుంది" అంటూ తుపాకీ లాంటి థర్మామీటరు ఇంజిన్ మీదికి గురిపెట్టాడు. ఇంజిన్ కూడా చల్లగానే ఉంది. హోస్ కలిసే గూడు బోల్టులు విప్పి చూస్తే లోపల థర్మోస్టాట్ వాల్వే లేదు.

ముల్లు చెప్పిన అబద్ధాన్ని నమ్మి ఎవరో దాన్ని పీకేశారు. మన ఎండలకి వాల్వు అక్కర్లేదనే నమ్మకం ఇక్కడ చాలామందిది. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. ఆ వాల్వు నీళ్ళని సాధారణంగా 80 డిగ్రీలు దాటేదాకా ఇంజిన్‌లోనే తిప్పుతుంది, తర్వాతే రేడియేటర్‌కి వదుల్తుంది. అది లేని ఇంజిన్ వేగం మీద చల్లారిపోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల త్వరగా అరుగుతుంది. మైలేజీ తగ్గిందని కుర్రాడు కొన్నాళ్ళుగా కార్బురేటర్‌ని తిట్టుకుంటున్నాడు.

కొత్త వాల్వుని ముందు గిన్నెలో మరిగే నీళ్ళలో వేసి, తెరుచుకోవడం కళ్ళారా చూసి, అప్పుడు బిగించాడు. కూలెంట్ పోసి, గాలి బుడగలు ఆగేదాకా ఇంజిన్ ఆడించాడు. లైట్లేసుకుని బందరు రోడ్డు మీద కానూరు దాకా వెళ్ళొచ్చారు. ముల్లు సగానికి కాస్త కింద నిలబడింది, కదల్లేదు.

"రేపు స్టార్ట్ చెయ్యకముందు, చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడు. తగ్గితే కూలెంట్ పొయ్యి. అద్దం రబ్బరు మార్పించు, లేకపోతే వానలకి మళ్ళీ నా దగ్గరికే వస్తావు" అన్నాడు మేస్త్రి.

కుర్రాడు అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు. రేపటి సరుక్కి తనే వస్తున్నానని కైకలూరుకి చెబుతున్నాడు.