బిగ్ జిమ్ సలివన్: అట్ట మీద లేని పేరు

1968లో ‘లార్డ్ సితార్’ అనే మారుపేరుతో ఇంగ్లండులో ఒక ఎల్.పి. రికార్డు వెలువడింది. నాటి ప్రసిద్ధ గీతాలను సితారు మీద వినిపించిన ఆ వాద్యకారుడు బీటిల్స్ బృందపు జార్జ్ హారిసనేనని వదంతి పుట్టింది. నిజానికి వాయించినది బిగ్ జిమ్ సలివన్.

1941లో అక్స్‌బ్రిడ్జ్‌లో పుట్టిన సలివన్, పద్దెనిమిదేళ్ళకే గాయకుడు మార్టీ వైల్డ్ బృందంలో చేరాడు. 1960లో అమెరికన్ గాయకుడు ఎడీ కాక్రన్ బ్రిటన్‌లో పర్యటించినప్పుడు ఆ బృందమే పక్కవాద్యం అందించింది. కాక్రన్ తన గిటారుకు మూడవ తీగగా, పైన లోహపు చుట్టున్న తీగకు బదులు, చుట్టులేని సన్నని తీగను బిగించేవాడు. దానిని వేలితో పక్కకు లాగి స్వరాన్ని పైకి జరపడం తేలిక. వీణ మీద గమకం ఎరిగినవారికి ఇందులో వింత లేదు గాని, నాటి ఇంగ్లీషు గిటారిస్టులకు అది కొత్త. సలివన్ ఆ మెలకువను పట్టుకున్నాడు.

ఆ తరువాతి దశకం స్టూడియోలలో గడిచింది. మూడు గంటల విడతకు ఇంతని రుసుము. రోజుకు రెండు మూడు విడతలు. 1964లో డేవ్ బెర్రీ పాడిన ‘ది క్రయింగ్ గేమ్’లో కాలి పెడల్‌తో విలపిస్తున్నట్టు పలికే గిటారు అతనిదే. అవే స్టూడియోలలో పనిచేసిన జిమ్మీ పేజ్‌ను ‘లిటిల్ జిమ్’ అనేవారు. అతడు బృందాలలోకి వెళ్ళి జగద్విఖ్యాతుడయ్యాడు. సలివన్ నజీర్ జైరాజ్‌భాయ్ వద్ద సితారు అభ్యసించి, 1967లో ‘సితార్ బీట్’ వెలువరించాడు. 1969 నుంచి అయిదేళ్ళు టామ్ జోన్స్‌తోను, తరువాత జేమ్స్ లాస్ట్ వాద్యబృందంతోను ఊళ్ళు తిరిగాడు.

యాభైకి పైగా బ్రిటిష్ ‘నంబర్ వన్’ పాటలలో అతని వాద్యం ఉందంటారు. అయినా దక్కినది విడత రుసుమే, ఎందుకంటే రికార్డు మీద హక్కు కంపెనీది. ప్రసార రాబడిలో వాద్యకారులకు చట్టబద్ధమైన వాటా 1996లో గాని ఏర్పడలేదు. 2013 నవంబరు 1న రికార్డుల హక్కుల గడువు యాభై నుంచి డెబ్భై ఏళ్ళకు పెరిగి, ఆ అదనపు కాలపు అమ్మకాలలో అయిదో వంతు ఇటువంటి వాద్యకారుల కోసం కేటాయించబడింది. సలివన్ 2012 అక్టోబరు 2న మరణించాడు. 1963కు ముందు విడుదలైన రికార్డులకు, అంటే అతని తొలినాటి పనికి, ఈ చట్టం ఎలాగూ వర్తించదు. తరువాతి వాటిలోనైనా వారసులు వాటా కోరాలంటే, ఆనాడు గిటారు పట్టినది ఎవరో ముందుగా తేలాలి. ఆ రికార్డుల అట్టల మీద గాయకుల పేర్లే ఉన్నాయి.