చిన్న గదిలో గిటారు, రెండు భాషల పాట

ముప్పై నలభై మంది కూర్చునే గది, ఒక గిటారు, ఒక గొంతు. మొదట మాటలు లేని గిటారు వాద్యం, తర్వాత రెండు భాషల్లో అల్లిన జానపద బాణీ పాటలు. ఇలాంటి కచేరీని హౌస్ కాన్సర్ట్ అంటారు. పెద్ద హాలు, స్పీకర్లు అక్కర్లేదు. ఇంటి వసారా, డాబా, సంఘం గది చాలు. తెలుగు రాష్ట్రాల బయట తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలకు ఇది బాగా సరిపోయే పద్ధతి.

పాత అలవాటే

రెండు మూడు భాషలు కలిపి పాడటం మనకు కొత్త కాదు. తంజావూరును ఏలిన మరాఠా రాజు శాహజీ (1684–1712) రాసిన 'పంచభాషా విలాసం' నాటకంలో తెలుగు, తమిళం, మరాఠీ, హిందీ, సంస్కృతం ఉన్నాయి. ముత్తుస్వామి దీక్షితుల 'వేంకటాచలపతే' కృతిలో సంస్కృతం, తెలుగు, తమిళం కలిసి నడుస్తాయి. ఇలాంటి రచనను మణిప్రవాళం అంటారు.

మన కాలానికి వస్తే, లండన్‌లో తమిళ కుటుంబంలో పుట్టిన సుశీలా రామన్ 2001 నాటి 'సాల్ట్ రెయిన్' ఆల్బంలో ఇంగ్లీషు పాటల పక్కనే త్యాగరాజ కీర్తన పాడారు. ఆమెకు తోడుగా గిటారు వాయించినవారు శామ్ మిల్స్. ఆ ఆల్బం బ్రిటన్‌లో మెర్క్యురీ బహుమతి తుది జాబితాకు వెళ్లింది.

గిటారు మన బాణీకి ఒదుగుతుందా?

గిటారు మెట్లు స్వరాలను విడివిడిగా పలికిస్తాయి. గమకం రావాలంటే తీగను పక్కకు లాగాలి, లేదా ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు వేలు జార్చాలి. పాలకొల్లులో పుట్టి చెన్నైలో స్థిరపడిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించి, పాశ్చాత్య వాద్యం మన రాగానికి అడ్డు కాదని చూపించారు.

జానపద బాణీలకు ఒక సులువు ఉంది. ఆరు తీగలను డి, ఎ, డి, జి, ఎ, డి అని శ్రుతి చేసుకుంటే, డి షడ్జమం అవుతుంది. అప్పుడు తీగలు వరుసగా స, ప, స, మ, ప, స పలుకుతాయి. పాడుతున్నంతసేపూ తంబూరా లాంటి నాదం వెనక నిలుస్తుంది. గొంతుకు శ్రుతి పెంచాలంటే క్యాపో బిగిస్తే సరి. ఒక్కో మెట్టుకు అర స్వరం పెరుగుతుంది.

వాద్యం ముందు ఎందుకంటే, మాట లేనప్పుడు తెలుగు వచ్చినవారూ రానివారూ ఒకే వరుసలో కూర్చున్నట్టే. పక్కింటి కన్నడ కుటుంబం పరాయిగా అనుకోదు.

రెండు భాషలను కుట్టేది ప్రాస

తెలుగు, కన్నడ పద్యాల్లో రెండో అక్షరం కలిస్తే ప్రాస. తమిళంలో దాన్నే ఎదుగై అంటారు. అందుకే ఒక పాదం తెలుగులో, మరో పాదం కన్నడలో ఉన్నా పాట అతుకుతుంది. తెలుగు 'విను', కన్నడ 'మనె' రెండింటిలోనూ రెండో అక్షరం నకారమే. పాదం చివర ఇంగ్లీషు పద్ధతిలో తుకబందీ కోసం తంటాలు పడనక్కర్లేదు.

అంతకన్నా ముఖ్యం పల్లవి ఏ భాషలో ఉందన్నది. చరణం వింటాం, పల్లవిని అందరం పాడతాం. తెలుగు చరణంలో ఒక మూల ఉండిపోతే అది అలంకారం అవుతుంది. పల్లవి తెలుగులో, కథ చెప్పే చరణాలు కన్నడలోనో తమిళంలోనో ఉంటే, గదిలో ప్రతి నోటా తెలుగు పలుకుతుంది.

మనకెందుకు?

తమిళనాడులో 2006 తమిళ అభ్యసన చట్టం బడుల్లో తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. హోసూరు పిల్లలకు తెలుగు ఇంటి మాటే అయినా చదవడం, రాయడం తగ్గుతోంది. షోలాపూరు పద్మశాలీ ఇళ్లలో తెలుగు, వీధిలో మరాఠీ. బరంపురంలో తెలుగు, ఒడియా. చదవలేని పిల్లకైనా చెవి ఉంది. పాట నేర్చుకోవడానికి లిపి అడ్డురాదు; నేర్చిన పాటే తర్వాత లిపి మీద ఆశ పుట్టిస్తుంది.

జరపాలనుకునేవారికి

గంటంపావు చాలు. వాద్యానికి ఇరవై నిమిషాలు, పాటలకు నలభై, మిగిలింది ఊళ్లోని పెద్దవాళ్ల పాటలకు. నాట్ల పాటో లాలిపాటో వాళ్లు పాడితే గిటారు శ్రుతి మాత్రమే ఇవ్వాలి, గొంతును మింగకూడదు. పల్లవిని తెలుగు లిపిలోనూ, ఆ రాష్ట్రపు లిపిలోనూ ఒకే కాగితం మీద అచ్చు వేసి పంచండి. రికార్డు చేసేముందు అనుమతి అడగండి. పాట ఎవరి నుంచి విన్నారో వాళ్ల పేరు, ఊరు చెప్పించుకొని రాసి పెట్టండి. ఆ తరం దాటితే చాలా పాటలు మరి దొరకవు.