అండమాన్‌కు తొలిసారి వెళ్తున్నారా? పటాన్‌చెరు, సంగారెడ్డి కుటుంబాలు ముందే తెలుసుకోవాల్సిన సంగతులు

పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసే కుటుంబాలకు టూర్ అంటే నిన్నమొన్నటి దాకా గుల్బర్గా, బీదర్, అజ్మీర్, మరీ అయితే గోవా. ఇప్పుడు ఆ జాబితాలో అండమాన్ కూడా చేరింది. కరీబియన్ దీవుల్లో క్రికెట్ మ్యాచ్ జరిగినప్పుడు టీవీలో కనిపించే నీలి సముద్రం, తెల్ల ఇసుక, కొబ్బరి చెట్లు ఇక్కడా ఉన్నాయి. భూమధ్యరేఖకు ట్రినిడాడ్, బార్బడోస్ ఎంత దూరమో పోర్ట్ బ్లెయిర్ కూడా దాదాపు అంతే దూరం. తేడా ఏమిటంటే, భారతీయులకు ఇక్కడ పాస్‌పోర్టు, వీసా అక్కర్లేదు. ఆధార్ కార్డు చాలు.

అయితే అండమాన్ టూర్ గోవా టూర్ లాంటిది కాదు. గోవాలో బస్సు తప్పితే ఇంకో బస్సు ఉంటుంది. అండమాన్‌లో ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్లాలంటే పడవే గతి. గాలి పెరిగి ఆ రోజు పడవ రద్దయితే హోటల్, తర్వాతి ఫెర్రీ, తిరుగు విమానం అన్నీ తారుమారవుతాయి. ఏడాదంతా దాచిన డబ్బు, కష్టపడి తీసుకున్న ఐదారు రోజుల సెలవు వృథా కాకూడదంటే ప్లాన్ ఫెర్రీతో మొదలుపెట్టాలి.

పేర్లు మారాయి, గందరగోళపడొద్దు

2018 డిసెంబరులో మూడు దీవుల పేర్లు మార్చారు. హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ ఐలాండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు. జనం నోట మాత్రం పాత పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. టికెట్ మీద స్వరాజ్ ద్వీప్ అని, హోటల్ మెసేజ్‌లో హేవ్‌లాక్ అని ఉంటే రెండూ ఒకటేనని గుర్తుపెట్టుకోండి.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త ప్రశాంతంగా ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు, గాలులు. ఆ నెలల్లో హోటళ్లు చవకగా దొరుకుతాయి కానీ ఫెర్రీలు రద్దయ్యే అవకాశం ఎక్కువ. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో తుపాన్లు వస్తుంటాయి. ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుంటూ ఉండాలి.

ఫ్యాక్టరీ సెలవులు ఎక్కువగా దసరా, సంక్రాంతికే దొరుకుతాయి. దేశమంతా అప్పుడే బయల్దేరుతుంది కాబట్టి విమానం రేట్లు బాగా పెరుగుతాయి. ఒక్కో టికెట్‌కు నాలుగు వేలు తేడా వచ్చినా నలుగురి కుటుంబానికి 16 వేలు. పిల్లల స్కూలు ఒప్పుకుంటే పండగ దాటాక వారం రోజులకు బయల్దేరడం లాభం.

విమానమా, ఓడా?

శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానం ఉంది. ప్రయాణం సుమారు రెండున్నర గంటలు. సీటు దొరక్కపోతే చెన్నై, బెంగళూరు లేదా కోల్‌కతాలో మారాలి. పొద్దున విమానమైతే సంగారెడ్డి వాళ్లు అర్ధరాత్రి దాటాక ఇల్లు కదలాల్సి వస్తుంది. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నేరుగా శంషాబాద్ వెళ్లొచ్చు.

విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి ప్రభుత్వ ఓడలు కూడా నడుస్తాయి. ప్రయాణం రెండున్నర నుంచి మూడు రోజులు. బయల్దేరే తేదీలు తక్కువ, మారుతూ కూడా ఉంటాయి. వారం సెలవు మాత్రమే ఉన్నవాళ్లకు ఇది కుదరదు.

ఇంకో ముఖ్యమైన సంగతి పేరు. ఆధార్‌లో 'ఎండీ' అని, టికెట్‌లో 'మహమ్మద్' అని ఉంటే ఎయిర్‌పోర్టు గేటు దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. బేగం, సుల్తానా, బీ లాంటివి ఆధార్‌లో ఎలా ఉన్నాయో టికెట్‌లోనూ అలాగే ఉండాలి. ఒకే పేరు ఉన్నవాళ్లు ఇంటిపేరు గడిలో ఏం రాయాలో విమాన సంస్థనే అడిగి నింపాలి. ఫెర్రీ ఎక్కేటప్పుడూ గుర్తింపు కార్డు చూస్తారు. చిన్నపిల్లల ఆధార్ కూడా తీసుకెళ్లండి.

ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ లాంటి చోట్ల పనిచేసేవాళ్లు ఎల్‌టీసీ నిబంధనలు ముందే తెలుసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు అండమాన్ విమాన ప్రయాణం విషయంలో ప్రత్యేక సడలింపు ఇస్తూ వచ్చారు. దానికి గడువు ఉంటుంది. టికెట్ కూడా ప్రభుత్వం గుర్తించిన ఏజెంట్ల దగ్గరే కొనాలి. బయట కొని తర్వాత బిల్లు పెడితే తిప్పి పంపుతారు.

ఫెర్రీ ముందు, హోటల్ తర్వాత

పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. మక్రూజ్, నాటికా, గ్రీన్ ఓషన్ ఈ దారిలో నడిచే పేర్లు. ప్రభుత్వ ఫెర్రీ రెండున్నర గంటల వరకు తీసుకుంటుంది కానీ టికెట్ చాలా తక్కువ. ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి, ప్రైవేటువి ఎక్కువగా హడ్డో నుంచి బయల్దేరతాయి. రెండూ వేర్వేరు చోట్లు కాబట్టి ఆటో ఎక్కేముందు టికెట్ చూసుకోవాలి.

ముందు ఫెర్రీ సీట్లు దొరికాయో లేదో చూసుకుని, ఆ తేదీల ప్రకారం హోటల్ బుక్ చేసుకోండి. తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. పొద్దున హేవ్‌లాక్‌లో ఫెర్రీ ఎక్కి మధ్యాహ్నం విమానం అందుకోవచ్చని ఎవరైనా చెప్పినా ఒప్పుకోవద్దు. ఆ ఒక్క పడవ రద్దయితే నలుగురి విమానం టికెట్లు పోతాయి.

ఆరు రోజుల సెలవుకు సరిపోయే లెక్క ఇది. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్, రెండు, మూడు రోజులు హేవ్‌లాక్, నాలుగో రోజు నీల్, ఐదో రోజు తిరిగి పోర్ట్ బ్లెయిర్, ఆరో రోజు విమానం. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే నీల్ వదిలేసి హేవ్‌లాక్‌లోనే ఇంకో రాత్రి ఉండొచ్చు. పడవలో వాంతులయ్యేవాళ్లకు డాక్టరును అడిగి మాత్ర తీసుకోండి, ఎక్కడానికి అరగంట ముందు వేయండి.

గడియారం అదే, పొద్దు వేరు

అండమాన్‌లోనూ మన టైమే. కానీ ఆ దీవులు మనకంటే బాగా తూర్పున ఉన్నాయి కాబట్టి అక్కడ సూర్యుడు సుమారు గంట ముందే ఉదయిస్తాడు, గంట ముందే అస్తమిస్తాడు. డిసెంబరు మొదట్లో సాయంత్రం ఐదు కాకముందే పొద్దు కుంగుతుంది. హైదరాబాద్ నమాజ్ టైమ్‌టేబుల్ పట్టుకుని వెళ్తే ఫజర్, మగ్రిబ్ రెండూ తప్పిపోతాయి. ఫోన్‌లోని యాప్‌లో ఊరు మార్చుకోవాలి. ఖిబ్లా అక్కడా పడమర దిక్కే, కాస్త ఉత్తరానికి వాలుగా.

బీచ్ ప్లాన్ కూడా దీన్నిబట్టే వేసుకోవాలి. భోజనం చేసి, కాసేపు పడుకుని నాలుగింటికి బయల్దేరితే చేరేసరికి చీకటి పడుతుంది. పొద్దున ఆరింటికే బయటపడటం మంచిది.

తిండి, భాష, మసీదు

భాషకు ఇబ్బంది లేదు. అందరికీ హిందీ వస్తుంది, ఉర్దూ మాట్లాడేవాళ్లకు అది చాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ప్రతి వంద మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్ ఆటోలో తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అదే లెక్కల ప్రకారం ముస్లింలు దాదాపు 8.5 శాతం. 1921 మాప్పిళ్ల తిరుగుబాటు తర్వాత కేరళ నుంచి ఇక్కడికి పంపిన ఖైదీల వారసులు చాలామంది ఉన్నారు. దక్షిణ అండమాన్‌లో మలప్పురం, తిరూర్, మంజేరి, కాలికట్ అనే ఊరి పేర్లు అలా వచ్చినవే. పోర్ట్ బ్లెయిర్‌లో అబర్డీన్ బజార్ చుట్టుపక్కల మసీదు, హలాల్ భోజనం రెండూ దొరుకుతాయి.

హేవ్‌లాక్, నీల్ సంగతి వేరు. అక్కడ ఎక్కువగా తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీ హిందూ కుటుంబాలు ఉంటాయి. కోడి, మేక మాంసం జబీహా అవునో కాదో హోటల్‌వాళ్లను నేరుగా అడగండి. అనుమానముంటే చేప, గుడ్డు, పప్పు, అన్నంతో గడిపేయొచ్చు. చేప తాజాగా దొరుకుతుంది.

సముద్రంతో ఆటలొద్దు

హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌ను 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే ఉత్తమమైనదిగా చెప్పింది. చూడటానికి ఎంత బాగుంటుందో, దిగేటప్పుడు అంత జాగ్రత్త కావాలి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. 2010లో హేవ్‌లాక్‌లో ఓ అమెరికా పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, వాగు సముద్రంలో కలిసేచోట, మడ చెట్ల దగ్గర, చీకటి పడ్డాక నీళ్లలో దిగొద్దు. లైఫ్‌గార్డ్ చెప్పిన గీత దాటొద్దు.

ఆడవాళ్ల బట్టల విషయంలో ఒక మాట. బుర్ఖా, కాటన్ చుడీదార్, చున్నీ తడిస్తే బాగా బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. లోతులో అది ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్లంతా కప్పే ఈత బట్టలు సింథటిక్ గుడ్డతో దొరుకుతున్నాయి, అవి ఇక్కడే కొనుక్కుని వెళ్లండి. లేదంటే మోకాలి లోతు దాటకుండా ఒడ్డునే ఆడుకోవడం మేలు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ విప్పకూడదు, ఫొటో కోసమైనా సరే.

స్కూబా డైవింగ్ చేయాలనుకునేవాళ్లు ఉబ్బసం, గుండె జబ్బు, చెవి సమస్య ఉంటే ముందే చెప్పాలి. డైవింగ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. కాబట్టి చివరి రోజుకు డైవింగ్ పెట్టుకోవద్దు.

పెద్ద వైద్యం పోర్ట్ బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆస్పత్రిలోనే. బీపీ, షుగర్ మాత్రలు రెట్టింపు రోజులకు సరిపడా, చేతి బ్యాగులోనే పెట్టుకోండి.

చట్టం గట్టిగా ఉన్న చోట్లు

బారాటాంగ్ సున్నపురాయి గుహలకు వెళ్లే రోడ్డు జరావా ఆదివాసుల అడవి గుండా సాగుతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి నిర్ణీత సమయాల్లో వాహనాలను వరుసగా వదులుతారు. దారిలో ఆగడం, వాళ్లకు తిండి ఇవ్వడం, ఫొటో తీయడం నేరం, జైలు శిక్ష కూడా పడుతుంది. ఈ ట్రిప్పుకు తెల్లవారుజామునే బయల్దేరాలి, రోజంతా పోతుంది. పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న కుటుంబాలు దీన్ని వదిలేసినా నష్టం లేదు.

ఒడ్డున దొరికే పగడపు ముక్కలు ఏరుకుని తెచ్చుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పిల్లల జేబులు కూడా చూసుకోండి, ఎయిర్‌పోర్టులో సామాను తనిఖీలో పట్టుబడతారు. గవ్వలు కొంటే అనుమతి ఉన్న దుకాణంలో బిల్లుతో కొనండి. పోర్ట్ బ్లెయిర్ రన్‌వే నౌకాదళంతో కలిసి వాడేది కాబట్టి వద్దన్నచోట ఫోన్ బయటికి తీయొద్దు.

సెల్యులార్ జైలులో మనవాళ్ల జాడ

1857 జులై 17న హైదరాబాద్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీపై తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో దాడి జరిగింది. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో మన పక్కనే ఉన్న తూప్రాన్ దగ్గర చంపేశారు. మౌల్వీ అలావుద్దీన్‌ను జీవితఖైదు మీద అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు.

సెల్యులార్ జైలుకు వెళ్లి ఆయన గది ఏదని వెతకొద్దు. ఆ జైలు కట్టింది 1896 నుంచి 1906 మధ్య. అంతకుముందు ఖైదీలను రాస్, వైపర్, చాథమ్ లాంటి దీవుల్లో ఉంచి అడవి నరికించేవారు. 1857 తిరుగుబాటు తర్వాత శిక్షపడి వచ్చి, 1861లో ఇక్కడే చనిపోయిన మౌలానా ఫజ్ల్-ఎ-హక్ ఖైరాబాదీ సమాధి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఈ కథ పిల్లలకు బయల్దేరకముందే చెబితే జైలు గోడలు వాళ్లకు ఫొటో వెనక గోడలుగా మాత్రమే మిగలవు. జైలుకు, రాస్‌కు వారంలో సెలవు రోజు ఉంటుంది, అది కనుక్కుని వెళ్లండి. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షోకు టికెట్ ముందే తీసుకోవాలి.

ప్యాకేజీ కొంటే ఇవి రాతపూర్వకంగా అడగండి

వాట్సాప్‌లో వచ్చే చవక ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టేముందు ఈ ప్రశ్నలకు జవాబు కాగితం మీద లేదా మెసేజ్‌లో తీసుకోండి.

- విమానం టికెట్ ధరలో కలిసి ఉందా, విడిగానా?
- ఫెర్రీ ప్రభుత్వానిదా, ప్రైవేటుదా? సీట్లు ఖరారయ్యాయా?
- ఫెర్రీ రద్దయితే అదనపు రాత్రి ఖర్చు ఎవరిది?
- హోటల్ పేరు ఏమిటి? జెట్టీ నుంచి ఎంత దూరం?
- మన తరఫున రద్దు చేసుకుంటే ఎంత తిరిగి ఇస్తారు, ఎన్ని రోజుల్లో?
- జీఎస్టీ నంబరుతో బిల్లు ఇస్తారా?

జవాబు నోటిమాటగానే ఇస్తామంటే డబ్బు కట్టొద్దు.

చేతిలో ఉండాల్సినవి

2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ మెరుగైంది. చిన్న దీవుల్లో సిగ్నల్ ఇప్పటికీ వస్తూ పోతూ ఉంటుంది. టికెట్లు, హోటల్ కాగితాలు ప్రింట్ తీసుకోండి. ఫోన్‌పే పనిచేయని పూట కోసం రెండు రోజుల ఖర్చుకు నగదు విడిగా ఉంచండి. టోపీ, గొడుగు, దోమల మందు, తాగునీళ్ల సీసా, ఫోన్‌కు నీళ్లు తగలని కవరు, పాత చెప్పులు తప్పనిసరి. ఫ్యాక్టరీలో సెలవు రాసేటప్పుడు తిరిగొచ్చిన మర్నాడు కూడా కలిపి రాయండి. ఫెర్రీయో, విమానమో ఒక రోజు ఆలస్యమైనా డ్యూటీ పోదు.