మలేసియా కౌమారుల్లో కుంగుబాటు కొలత

మలేసియా ఆరోగ్యశాఖ 2012లో మాధ్యమిక పాఠశాలల్లో జరిపిన సర్వేలో 17.7 శాతం విద్యార్థుల్లో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. 2017లో అది 18.3 శాతం, 2022లో 26.9 శాతం. మొదటి రెండుసార్లు డాస్-21 ప్రశ్నావళి వాడారు, మూడోసారి పీహెచ్‌క్యూ-9 వాడారు. కొలబద్దే మారింది కాబట్టి చివరి పెరుగుదలలో పిల్లల బాధ ఎంతో, ప్రశ్నల తేడా ఎంతో ఈ అంకెలతో తేలదు.

డాస్‌ను 1995లో ఆస్ట్రేలియాలో ఎస్.హెచ్. లోవిబాండ్, పి.ఎఫ్. లోవిబాండ్ రూపొందించారు. దాని కుదించిన రూపమే డాస్-21. 2007లో రామ్లీ మూసా బృందం దాని మలయ్ రూపాన్ని పరీక్షించింది. గడిచిన వారంలో ఉత్సాహం ఉందా, బతుకు వృథా అనిపించిందా అని ఇందులోని కుంగుబాటు ప్రశ్నలు అడుగుతాయి. నిద్ర, ఆకలి ఊసెత్తవు. పీహెచ్‌క్యూ-9 గడిచిన రెండు వారాల నిద్ర, అలసట, ఆకలి గురించి కూడా అడుగుతుంది. రంజాన్ నెలలో తెల్లవారకముందే లేచి, పగలంతా పస్తుండే పిల్లవాడు ఆ గళ్ళలో టిక్కు పెడితే అది కుంగుబాటే అనుకోలేం.

పలు జాతులున్న మలేసియాలో మరో చిక్కు కూడా ఉంది. ఒకే స్థాయి బాధ ఉన్న ఇద్దరు ఏ జాతివారైనా ఒకేలా జవాబిస్తేనే వారి మార్కులను పోల్చవచ్చు. దీన్ని గణితంతో తేల్చే పద్ధతికి 1971లో స్వీడన్ గణాంకవేత్త కార్ల్ యోరెస్కోగ్ దారి చూపారు. మలేసియా సహా ఆరు ఆసియా దేశాల ఉద్యోగులపై 2013లో వెలువడిన అధ్యయనం డాస్-21లో 18 ప్రశ్నలనే నిలిపింది. పెద్దలకే సరిగా అతకని ప్రశ్నావళిని పిల్లలకు వాడేటప్పుడు ప్రతి జాతిలోనూ విడిగా సరిచూడడం తప్పనిసరి.

2012 సర్వే సమాచార విశ్లేషణలో భారతీయ విద్యార్థులకు కుంగుబాటు లక్షణాల అవకాశం ఎక్కువని తేలింది. అయితే ‘భారతీయులు’ అనే ఆ ఒక్క గడిలోనే తమిళులు, తెలుగువారు, మలయాళీలు, పంజాబీలు అందరూ ఉన్నారు. తోటపనికి వలస వెళ్ళిన తెలుగువారు పేరాక్ రాష్ట్రంలోని బాగన్ దతూక్ చుట్టుపక్కల స్థిరపడ్డారు. 1955లోనే సొంత సంఘం పెట్టుకున్నారు. అయినా వారి పిల్లల మానసిక స్థితి ఈ లెక్కల్లో విడిగా కనబడదు. భాషతోనూ చిక్కుంది. మాధ్యమిక చదువు సాగేది మలయ్‌లో. తమిళ ప్రాథమిక పాఠశాల నుంచి వచ్చిన విద్యార్థికి ఆ భాషలోని భావాల పదాలు ఇంటిమాటంత దగ్గరగా ఉండకపోవచ్చు.

శరణార్థుల పిల్లలకు ఈ గడి కూడా లేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై మలేసియా సంతకం చేయలేదు. రోహింగ్యా పిల్లలకు ప్రభుత్వ బడుల్లో ప్రవేశం లేదు. వారు సముదాయాలు, స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాల్లో చదువుతున్నారు. బడి ఆధారంగా సాగే జాతీయ సర్వే వారి దాకా చేరదు.