ఎన్నూరు తెరచాపలు

1899లో న్యూయార్కు సముద్రతీరాన అమెరికా కప్పు పందెం జరిగినది. తేయాకు వర్తకుడు లిప్టన్ దొరగారి 'షామ్‌రాక్' ఓడి, 'కొలంబియా' గెలిచినది. ఆ విజయం లోకమంతా చెప్పుకొన్నది.

మన ఎన్నూరు తెరచాపలకు మాత్రం పందెమూ లేదు, కప్పూ లేదు. చెన్నపట్నం నుండి ఎన్నూరుకు కాక్రేన్ కాలువ 1806లో ఆరంభమైనది. తరువాత అది ఉత్తరాన పెదగంజాం వరకు సాగినది. 1876–78 కరవులో ఆకలిగొన్న కూలీలు చెన్నపట్నంలో కూవం, అడయారు నదులను కలుపుతూ త్రవ్వినారు. 1878లో దానికి బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టినారు.

ఆ దారిన మన తెలుగు పడవలు ధాన్యం మోసేవి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ, గట్టుమీద తాడులాగుడు. ఆ రవాణా ఆగి దశాబ్దాలైనది. ఉగాదినాడు మన పిల్లలకు కప్పు గెలిచిన ఓడతోపాటు బియ్యం తెచ్చిన పడవను గూర్చికూడ చెప్పుదము.