గడప దగ్గర ఆగిన చట్టం

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో పసిబిడ్డల సంరక్షణకు వర్తించే నిబంధనలు రెండు చోట్ల నుంచి పుట్టాయి: దిక్కులేని పిల్లలుండే ఆశ్రమాలు, తల్లులు పనిచేసే ఫ్యాక్టరీలు. జీతానికి ఇంటికొచ్చి బిడ్డను చూసుకునే ఆయా ఈ రెంటిలోనూ లేదు.

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. మద్రాసు బాలల చట్టం 1920లో వచ్చింది. దాని చూపంతా నేరం చేసిన పిల్లల మీద, ఆలనాపాలనా లేని పిల్లల మీద. అమ్మ పనికిపోతే బిడ్డను అవ్వో పెద్దమ్మో చూసుకునే కాలంలో సర్కారు అంతకుమించి పట్టించుకోలేదు.

పనికిపోయే తల్లుల బిడ్డల కోసం 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 48వ సెక్షన్ నియమం పెట్టింది. 50 మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలంది. దానికి గాలీ వెలుతురూ ఉండాలి, శుభ్రంగా ఉంచాలి, శిశుసంరక్షణలో శిక్షణ పొందిన మహిళకు అప్పగించాలంది. పిల్లలకు ఉచితంగా పాలో ఫలహారమో ఇచ్చేలా, తల్లులు మధ్యలో వచ్చి పాలిచ్చేలా రాష్ట్రాలు నిబంధనలు పెట్టవచ్చంది. 1976లో ఆ 50ని 30కి తగ్గించారు. కాగితం మీద ఇంత వివరంగా రాసిన నియమం ఇళ్ల విషయంలో ఇప్పటికీ లేదు.

1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలిగా ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పల్లెల్లో బాలవాడీలకు ఊతమిచ్చింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్)తో దేశంలో అంగన్‌వాడీలు మొదలయ్యాయి. వీటికి సూపర్‌వైజర్లు, రిజిస్టర్లు, తనిఖీలు అన్నీ ఉన్నాయి. కారణం, డబ్బు ప్రభుత్వానిది.

గందరగోళం వీటికి బయట ఉంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బాలమందిరం లాంటి ఆశ్రమాలకు వర్తించేది 2015 బాలల న్యాయ చట్టంలోని రిజిస్ట్రేషన్ నియమం. 50 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ క్రెష్ (పిల్లల సంరక్షణ కేంద్రం) ఏర్పాటు చేయాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు. ఈ ప్రాంతంలోని శ్రీసిటీ పారిశ్రామికవాడలో అంతమంది ఉన్న ఫ్యాక్టరీలూ దీని కిందికి వచ్చాయి. 2018లో కేంద్రం క్రెష్‌లకు కనీస ప్రమాణాలు ప్రకటించింది గానీ అవి మార్గదర్శకాలే. మరి తన ఇంట్లోనే వీధిలోని నలుగురైదుగురు పిల్లలను చూసుకునే ఆమె? ఆశ్రమం కాదు, ఫ్యాక్టరీ కాదు, బడీ కాదు. ఆమె ఏ ఆఫీసులో నమోదు కావాలో చెప్పే చట్టం లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. అది కూలి లెక్కే, బిడ్డ భద్రత లెక్క కాదు. అపార్ట్‌మెంటుకు కాపలా మనిషిని పంపే ఏజెన్సీకి 2005 చట్టం ప్రకారం లైసెన్సు కావాలి; ఆయాను పంపే ఏజెన్సీల కోసం ఛత్తీస్‌గఢ్ 2013లో చట్టం చేసుకుంది, ఆంధ్రప్రదేశ్‌లో అలాంటిది రాలేదు. ఈ చిక్కు మనకొక్కరికే కాదు. తన ఇంట్లో పిల్లల్ని చూసుకునేవారికి బ్రిటన్ 1948లోనే రిజిస్ట్రేషన్ పెట్టింది. అయినా ఇంగ్లండ్‌లో బిడ్డ ఇంటికే వచ్చి చూసుకునే నానీకి నేటికీ అది ఐచ్ఛికమే.

ఇంటి పనివారికి చట్టం అవసరమా అన్నది పరిశీలించడానికి కమిటీ వేయాలని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఆ ఏడాది నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా క్రెష్‌కు మళ్లీ 50 మంది లెక్కే పెట్టింది. ఇంట్లో ఆయాను పెట్టుకునేవారికి ప్రస్తుతం మిగిలింది పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే, అదీ వాళ్లే అడిగి చేయించుకుంటే.